పోయిందని రాయనివ్వని ఆమె

ఠాణా రిజిస్టరులో ఈమె గురించి ఒక్క వాక్యమే ఉంది. అది చాలదు కాబట్టి రాస్తున్నాను.

గ్రంథాలయంలో చదివి నేర్చిన తెలుగుతో నేను కోస్గిలో అర్జీలు రాసేవాణ్ణి. గొర్రెలను సంతకు చేరవేసే ట్రాలీ ఆటోయే ఆమె బతుకుదెరువు. మరిది ఆమె నుదురు పగలగొట్టి దాని ఆర్సీ లాక్కుపోతే, ఠాణాకు అర్జీ రాయించడానికి నా దగ్గరికి వచ్చింది.

"పోయిందని రాస్తే కొత్తది జల్ది వస్తదక్కా" అన్నాను.

"పోలె, గుంజుకపోయిండు. గన్ని బుక్కులు సదివి అబద్ధం రాస్తవా తమ్మీ?" అంటూ కొంగుతో నెత్తురు తుడుచుకుంది.

అంతలో మరిది వచ్చాడు. "ఎవల మీద రాపిస్తున్నవే?" అని జుట్టు పట్టి ఆమె తలను నా బల్లకేసి కొట్టాడు. అర్జీ ఎర్రబడింది.

"ఇప్పుడు సూసినవు గదా, సాక్షి సంతకం పెట్టు" అందామె.

పెట్టాను.

అతన్ని పట్టి ఆపిన జిరాక్స్ యాదగిరికి, ఆమెను దవాఖానకు తీసుకెళ్లిన సాలమ్మకు, భయపడుతూనే నా కింద సంతకం చేసిన చాయ్ రహీంకు దండాలు.