బావిలో దిగిన చొక్కా

మా ఆయన పాతబావుల్లోకి దిగి మోటార్లు బాగుచేస్తారు. వైర్ రోప్ కొసకు తగిలించిన చెక్క పీట మీద ఆయన కూర్చుంటే, పైనున్నవాళ్ళు చైన్ పుల్లీతో దింపుతారు. రోప్ కొసను మడిచి, అల్యూమినియం గొట్టంలాంటి స్లీవ్‌లో దూర్చి గట్టిగా నొక్కితే లూపు తయారవుతుంది. మనిషి ప్రాణమంతా ఆ వేలెడు స్లీవ్ మీదే. అది తెలిసినప్పటి నుంచీ నాకు సరిగ్గా అన్నం సహించేది కాదు.

పాత లూపులో తీగలు తెగాయి. స్లీవ్‌ను నొక్కే పనిముట్టు కోసం నందిగామ వెళ్ళాం. ధర వినేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి, కొట్టు మెట్లు దిగేశాం. తిరిగి జగ్గయ్యపేట వచ్చాక పాత ఇనుము కొట్లో పొడుగు చేతుల బోల్ట్ కట్టర్ ఒకటి చవగ్గా దొరికింది. ఆయన దాని దవడలు మూయించి, మధ్యలో లేత్ దగ్గర సరిగ్గా స్లీవ్ కొలతకే రంధ్రం కొట్టించారు.

"చూడవే, కొలిచి కుట్టినట్టు లేదూ!" అని మురిసిపోయారు. నాకూ బాగానే ఉందనిపించింది. దాంతోనే కొత్త లూపు నొక్కారు.

వత్సవాయి దగ్గర పత్తి చేలో బావి అది. రైతు ఫోన్ల మీద ఫోన్లు చేసి రప్పించాడు. మా ఆయన రోప్‌ను రెండుసార్లు గుంజి చూసి పీట అందుకున్నారు.

"సంచి దిగందే మీరు దిగడానికి లేదు," అన్నాను.

కొత్త లూపుకు ముందు మనిషంత బరువున్న రాళ్ళ సంచి వేలాడదీయడం మా అత్తింటి ఆనవాయితీ. అది రోప్ కోసం. ఆ సంచికి దిగబోయే మనిషి చొక్కా తొడగడం మాత్రం బావి కోసం. ఒకసారి ఇచ్చిన మనిషిని బావి మళ్ళీ అడగదని మా అత్తగారు అనేవారు.

"నీ చాదస్తం తగలెయ్య! పొద్దెక్కిపోతంది, ఇప్పుడా ఈ నాటకాలు?"

"చాదస్తమే. విప్పండి చొక్కా."

సంచి దిగింది. ఎండ బావి గోడ పై వరస రాళ్ళ దగ్గరే ఆగిపోయింది. కింద మసకలో ఆ నీలం చొక్కా మెల్లగా తిరుగుతోంది. గాలి లేదు. కాసేపు వీపు కనిపిస్తుంది, కాసేపు రొమ్ము. ఇటు తిరిగినప్పుడల్లా తల ఉండాల్సిన చోటు చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఉన్నట్టుండి స్లీవ్‌లోంచి రోప్ జారిపోయింది. కింద నీళ్ళు ధబ్బుమన్నాయి. సంచి మునిగింది. చొక్కా మాత్రం ఊడి, చేతులు చాపి బోర్లా తేలింది.

"అయ్యో, నా మొగుడో!" అని అరిచాను. ఆయన పక్కనే ఉన్నారు. భుజం మీద చెయ్యి వేస్తే విదిలించి కొట్టాను. ఆ క్షణం అది ఎవరి చెయ్యో నాకు తెలియలేదు.

రంధ్రం స్లీవంత ఉంటే స్లీవ్‌ను పట్టుకుంటుందే గానీ పిండదు. అచ్చంగా ఇమడటమే తప్పయింది. దవడలు ఇంకా దగ్గరకొచ్చేలా ఆయన వాటి అంచులు అరగదీయించి రంధ్రాన్ని బిగువు చేయించారు. ఈసారి స్లీవ్ మీద లోతుగా నొక్కులు పడ్డాయి.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. బావిలో చొక్కా లేదు. రైతు తను తియ్యలేదన్నాడు.

ఈసారి మా ఆయన తనంతట తానే ఒంటిమీది చొక్కా గుండీలు విప్పబోయారు. నేను వద్దని, చేతిసంచిలో తెచ్చుకున్న నా చీర తీసి కొత్త రాళ్ళ సంచికి చుట్టాను.

"ఏమే, పిచ్చా నీకు?"

"మీ చొక్కా తీసేసుకుందిగా. ఇంకోటిస్తే రుచి మరుగుద్ది."

సంచి దింపితే లూపు జారకుండా ఆగింది. సంచి పైకి లాగి, దాని బదులు పీట తగిలించారు. ఆయన దిగి, మోటారుతో సహా పైకొచ్చారు. దేవుడికి దణ్ణం పెట్టుకుని సంచికి చుట్టిన చీర విప్పబోయాను.

"ముట్టుకోకు," అన్నారు. "కిందుండి నిన్ను పిలిచానే. నా పక్కనుంచే పలికావు."

ఆయన పిలుపే నాకు వినపడలేదు. గట్టు మీద నేను నోరు విప్పనూ లేదు. కానీ ఇంకో బావిలోకి మళ్ళీ దిగాల్సిన మనిషి, బెదరకూడదు. "ఆఁ, నేనే పలికాను," అన్నాను.