గడప చూసి మాట

మా అమ్మకు హైదరాబాదంటే చార్మినార్ కాదు, తల్లులు. ఏ కాలనీలో ఏ రకం తల్లి ఉంటుందో, ఆ తల్లి ముందు ఏ మాట తీస్తే చీర అమ్ముడుపోతుందో ఆమెకు కంఠతా వచ్చు. రాష్ట్రం వచ్చిన కొత్తలో పోచంపల్లి నుంచి పొద్దున బస్సుకు మూట కట్టుకొని బయల్దేరేది. బాపు నేసేవాడు, ఆమె అమ్మేది. నాకు పెళ్లయి ఏడాది. బీఈడీ చేసి ఉద్యోగం కోసం ఎదురు చూస్తూ ఆలేరులో అత్తగారింటికీ పోచంపల్లిలో పుట్టింటికీ మధ్య తిరుగుతుండేదాన్ని. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ రెండో మూట నా నెత్తినే.

బస్సులో పాఠం మొదలయ్యేది. బంజారాహిల్స్ తల్లిని మేడం అనాలి. ఆమె పిల్లల ఊసెత్తదు, కుక్క ఊసెత్తుతుంది. దానికి జ్వరమొచ్చిందంటే మనం అయ్యో అనాలి. బేరమాడదు గానీ గంటసేపు వరండాలో కూచోబెడుతుంది. సైనిక్‌పురి తల్లిని అమ్మా అనాలి. గోడ మీద కొడుకు యూనిఫాంలో ఉంటాడు, ముందు ఆ ఫొటోను చూసి తర్వాత ఆమెను చూడాలి. చెప్పిన టైముకు పది నిమిషాలు అటూ ఇటూ అయిందా, చాయ్ ఇస్తుంది గానీ చీర కొనదు.

కొండాపూర్ గేటు లోపలి తల్లి వేరే. ఆమెను అక్కా అనాలి. పొరపాటున ఆంటీ అన్నామో, మూట కట్టుకోవాల్సిందే. పిల్లాడొక్కడు, వాడికి క్లాసులు అయిదు. ఈత అయ్యేలోపు చీరలు చూపించాలి, చెస్ మొదలయ్యేలోపు లేవాలి. ఆమె కొనేది చీర కాదు, చీర వెనక కథ. ఎవరు నేశారు, ఎన్ని రోజులు పట్టింది, చేతులు నొప్పి పుట్టాయా, అన్నీ అడుగుతుంది.

"గీమెకు చీర కన్న ముందు కష్టం చూపెట్టాలె బిడ్డా. గడప చూసి మాట తియ్యాలె" అనేది అమ్మ.

చూపించడానికి అమ్మ దగ్గర నిజమైన కష్టమే ఉంది. ఆసు పోసీ పోసీ ఆమె కుడి భుజం పైకి లేవదు. అర్ధచంద్రంలా దిగగొట్టిన మేకుల మీద నూలును అటూ ఇటూ వరసపెట్టి తిప్పడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. కొండాపూర్‌లో అమ్మ ఆ చెయ్యి సగం దాకా లేపి ఆపేసేది. వాళ్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. తిరుగు బస్సులో నేను ఆ తల్లులందరినీ అనుకరిస్తే అమ్మ పక్కసీటామెను కూడా పిలిచి చూపించేది. నాకు ఆ విద్య బాగానే వచ్చు, దాచుకోవడమెందుకు.

అమ్మ చెప్పేవన్నీ నిజాలు కావని తెలిసింది సైనిక్‌పురిలో. మీ తమ్ముడికి ఇప్పుడు పోస్టింగ్ ఎక్కడమ్మా అని ఆ ఇంటావిడ నన్ను అడిగింది. నాకు తమ్ముడే లేడు. వెనక నుంచి అమ్మ గిచ్చింది. జమ్మూలో అన్నాను. బంజారాహిల్స్ మేడం దగ్గర నేను కలెక్టరు పరీక్షకు చదువుతున్నానట. ఆమె పాత పుస్తకాలు సంచెడు ఇస్తే ఎల్బీనగర్ దాకా మోసుకొచ్చి, బస్సులో అమ్మతో పోట్లాడాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా అన్నాను.

అమ్మ తడుముకోలేదు. వాళ్లు మనల్ని చూసేదే ఒక తీరుగా చూస్తారు, పాపం పోచంపల్లి ఆడది అని. ఆ తీరుకే నాలుగు రంగులద్దితే తప్పేముందని అడిగింది. నేను నవ్వాను. ఆ నవ్వే నా తప్పు. ఎవరి పేరున అబద్ధమాడినా నవ్వొచ్చింది, నాకు నొప్పి తగిలేదాకా రాలేదు కాబట్టి.

అలా మూటలు మోసిన రెండేళ్లలోనే నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండూ మూడో నెలలోనే. ఎవరికీ చెప్పకముందే పోయాయి. మా ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు. బాపుకు కూడా చెప్పలేదు. అత్తగారింట్లో తెలిస్తే కడుపు నిలవని కోడలన్న పేరు పడుతుంది, ఆ పేరు ఒకసారి పడితే బిడ్డ పుట్టినా పోదు. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. రెండోసారి దవాఖాన నుంచి వచ్చిన రోజు, ఎవ్వరికీ చెప్పవు కదా అని అమ్మను అడిగాను. ఆమె లేచి వెళ్లి బాపు మగ్గం మీద చెయ్యి పెట్టింది. మా ఇళ్లలో దేవుడి మీద ఒట్టేసి తప్పినవాళ్లున్నారు గానీ మగ్గం మీద ఒట్టేసి తప్పినవాళ్లను నేను వినలేదు. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

మూడు నెలల తర్వాత మళ్లీ కొండాపూర్ వెళ్లాను. తలుపు తీసిన అక్క చీరల వంక చూడనే లేదు, నన్ను గట్టిగా వాటేసుకుంది.

"అమ్మ అంతా చెప్పింది. రెండుసార్లంట కదా. నువ్వేం భయపడకు, నాకు తెలిసిన డాక్టరున్నారు."

నేను అమ్మ వైపు తిరిగాను. ఆమె వంగి మూట ముడి విప్పుతోంది. ఎప్పుడూ ఒక్క లాగుకు విప్పే ముడి ఆ రోజు ఎంతకీ రాలేదు.

ఆ అక్క చెడ్డదేం కాదు. మంచి చేశాననుకొని ఫోన్ కూడా చూపించింది. ఆ గేటు లోపలి తల్లులందరికీ ఒక వాట్సాప్ గ్రూపుందట. అందులో నా ఫొటో, అంతకు ముందుసారి మూటతో నవ్వుతూ నిలబడినది. కింద ఆమె రాసిన నాలుగు మాటలు: రెండుసార్లు బిడ్డను పోగొట్టుకున్న నేత ఇంటి అమ్మాయి, మనమంతా అండగా నిలబడదాం, ఆదివారం క్లబ్‌హౌస్‌లో చీరలు. ఆ రోజే ఆదివారం.

క్లబ్‌హౌస్‌లో తల్లులు వరసగా వచ్చారు. ప్రతి ఒక్కరూ నా తల మీదో భుజం మీదో చెయ్యి వేసి, తర్వాత చీర పట్టుకున్నారు. అచ్చు వేసిన చీరకు వెనక రంగు తేలిపోయి ఉంటుంది, నిజం నేతకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అమ్మ చీర చీరనూ తిరగేసి రెండు దిక్కుల ఒక్కతీరే అక్కా అని చూపిస్తూ పోయింది. మధ్యాహ్నానికి మూటలు రెండూ ఖాళీ. నేను అక్కడ కూచున్నంతసేపు నన్ను కూడా తిరగేసి చూపిస్తున్నట్టే అనిపించింది.

బస్సెక్కాక ఖాళీ మూటగుడ్డలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. చౌరస్తాలు దాటాక అమ్మే మొదలుపెట్టింది. భుజం కథ వాళ్లకు పాతబడిందని, నేను లేకుండా తానొక్కతే వెళ్లిన రోజు ఎవరూ ఏమీ కొనలేదని, ఆ అక్క నీ బిడ్డ బాగుందా అని అడగ్గానే ఏడుపు ఆగలేదని చెప్పింది.

"అన్ని ఇండ్లల్ల కతలు చెప్పిన. గా ఒక్కింట్ల నిజం ఏడ్చిన బిడ్డా. నాకు మాత్రం ఏడ్వనీకె జాగా యాడుంది?"

"ఏడ్చినవు, సరే. ఏడ్చినంక చీర చూపెట్టినవా లేదా?"

అమ్మ కిటికీ వైపు తిరిగింది. పోచంపల్లి మలుపు దగ్గర దిగడానికి లేచి కొంగు దోపుకుంది.

"చూపెట్టిన" అంది.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఏడుపు నిజమేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ ఏడుపు తుడుచుకున్న చేత్తోనే చీర మడత విప్పిందన్నదే నేను మింగలేకపోయాను. ఆ తల్లుల్ని రకాలుగా విడగొట్టి నవ్వుకున్నాం గానీ, ఏ రకానికి ఆ రకం తల్లిగా మారిపోయే మా అమ్మ అసలు ఏ రకమో నేనెప్పుడూ అడగలేదు.

వారం తిరక్కుండా కబురు ఆలేరు చేరింది. మా ఆయన తరఫు చుట్టం ఒకామె ఆ గేటు లోపలే ఉంటుందని మాకు తెలియదు. అత్త నన్నేమీ అనలేదు. నా కంచం దగ్గర కూచొని, ఊరందరికీ చెప్పుకున్నారు, మాకు చెప్పడానికే నోరు రాలేదా అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కంచం ముందు కూచోవడం నా వల్ల కాలేదు. రెండు నెలలకు చౌటుప్పల్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మా ఆయన పనిచేసే మందుల ఫ్యాక్టరీ అక్కడే. నాకూ ఒక చిన్న బడిలో పని దొరికింది. పోచంపల్లి గంట దూరం లేదు, అయినా వెళ్లలేదు.

ఏడాదిన్నరకు ఒక రోజు అమ్మే వచ్చింది. తలుపు తీసేసరికి మూట లేకుండా నిలబడి ఉంది. లోపలికి రాకముందు ఆమె కళ్లు నా గడప మీద, చెప్పుల మీద, గోడ మీద తిరిగాయి. ఆ చూపు నాకు తెలుసు. బంజారాహిల్స్‌లో, కొండాపూర్‌లో వందసార్లు చూశాను. నా ఇల్లు కూడా ఆమెకు ఒక కాలనీ అయింది. చివరికి ఆ చూపు నా మీద ఆగింది. నేను కొంగు ముందుకు లాక్కున్నాను. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

కూచున్నాక మెల్లగా, బాపుకు మోకాళ్లు నొస్తున్నాయని, గుంటమగ్గంలో దిగితే లేవలేకపోతున్నాడని చెప్పింది. గొంతు తగ్గించి, మాట మాటకూ ఆగి చెప్పింది. కొండాపూర్ గొంతు అది. చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లి, బాపుకు ఫోన్ చేసి మోకాళ్లు నిజంగా నొస్తున్నాయా అని అడిగాను. ఫోన్ పెట్టి తిరిగేసరికి అమ్మ గుమ్మంలో ఉంది.

"ఏమన్నడు మీ బాపు? నొస్తున్నయన్నడా?"

అన్నాడని చెప్పాను.

"మంచిది. మరి నీ కడుపుల బిడ్డ సంగతి నేనెవ్వరికి ఫోన్ జేసి అడగాలె?"

ఆరో నెల అని చెప్పాను. ఏ దవాఖాన అని అడిగింది. అది మాత్రం చెప్పలేదు.