రోలు చప్పుడు ఆగిన సోమవారం

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో కార్మిక శాఖలో పనిచేసేదాన్ని. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఎలా ఇవ్వాలో తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. చట్టం పుస్తకం తెరిచి సెక్షన్లు చదివి వినిపిస్తే భోజనాల తర్వాత సగం మంది కునికిపాట్లు పడేవారు. వాళ్ళనని ఏం లాభం, చదువుతున్న నాకే ఆవలింతలు వచ్చేవి. ఏదైనా చిన్న ఊళ్ళో దుకాణాలూ హోటళ్ళూ తిప్పుతూ పాఠం చెబితే బుర్రకెక్కుతుందనిపించింది. ముందు నేనే ఒకసారి చూసొద్దామని నర్సీపట్నం బయల్దేరాను. ఇప్పుడు ఉద్యోగంలో చేరి ఇలాంటి తనిఖీలకు వెళ్ళే పిల్లలు అడుగుతుంటారు కాబట్టి ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను.

తోడుగా సన్యాసిరావు వచ్చాడు. కోటవురట్ల దగ్గర పల్లెటూరి కుర్రాడు, ఆ ఏడాదే చేరిన ఇన్‌స్పెక్టరు. సోమవారం పొద్దున్నే పాసింజరెక్కి యలమంచిలిలో దిగి, అక్కడినుంచి బస్సు పట్టుకున్నాం. నర్సీపట్నం రోడ్ అనే స్టేషను ఉంది కదా, అక్కడ దిగితే పోలేదా అన్నాను. “అక్కడ పేరే తప్ప ఊరుండదు మేడమ్” అన్నాడు సన్యాసిరావు. బస్సులో సీటు లేదు. కండక్టరు నా చేతిలో ఫైలు చూసి టీచరమ్మననుకుని “పంతులమ్మగారికి కాస్త సోటివ్వండర్రా” అంటూ ఇద్దరిని జరిపించాడు. కాదని చెప్పి సీటు పోగొట్టుకునేంత అమాయకురాలిని కాదు. కూర్చున్నాను.

బజారులో మేం వెతుక్కుంటూ వెళ్ళిన టిఫిన్ హోటలు మూసుంది. చెక్క పలకల తలుపులన్నీ వేసి, పైన ‘సోమవారం సెలవు’ అని బోర్డు. చట్టప్రకారం పనివాళ్ళకు వారానికో రోజు సెలవివ్వాలి, ఇస్తున్నారు. సన్యాసిరావు సంతోషంగా సెలవు అమలవుతోందని రాసేసుకున్నాడు. నాకు మాత్రం ఆకలి దహించేస్తోంది. అరటిపళ్ళు కొనుక్కుని, ఎండ తప్పించుకుందామని హోటలు వెనక సందులోకి తిరిగాం. అక్కడ రోలు చప్పుడు వినిపించింది.

పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల యాభై ఏళ్ళావిడ కాళ్ళు చాపుకుని పెద్ద రుబ్బురోట్లో మినప్పప్పు రుబ్బుతోంది. పేరు మరియమ్మ, ఈ హోటల్లోనే పని అంది. ఇవాళ సెలవు కాదా అనడిగాను.

“సెలవేనమ్మా. కానీ రేపటి ఇడ్లీకి పిండి ఇయ్యాలే పులవాలి కదా” అంది, చెయ్యి ఆపకుండా.

అవును మరి. మంగళవారం తెల్లారేసరికి ఇడ్లీ దిగాలంటే సోమవారం రుబ్బక తప్పదు. మేమిద్దరం పుట్టినప్పటినుంచీ ఇడ్లీ తింటూనే ఉన్నాం, అయినా ముందు తలుపు చూసి సెలవనుకున్నాం.

మాటల్లో ఆవిడ అసలు బాధ బయటపడింది. కూతుర్ని నాతవరం అవతలి పల్లెకిచ్చారు. రెండో కాన్పు అత్తారింట్లోనే అయింది. “మనవరాలు పాకతందంటమ్మా. ఇంకా మొకం సూడనేదు. రోజల్లా పొయికాడే, సోమారం రోలుకాడే. ఎప్పుడెల్లను?” అంది. కార్మిక శాఖవాళ్ళమని చెప్పి, కేసు రాస్తానంటే మాత్రం భయపడింది. “నా పేరు రాయకమ్మా. ఉన్న పని పోద్ది” అంది.

సాయంత్రం హోటలు యజమాని అప్పలనాయుడిని ఇంటికెళ్ళి కలిశాం. సందులో వెళ్తుంటే రోలు చప్పుడు వినిపించిందని మాత్రమే అన్నాను. ఆయన దాచలేదు. మా ఇద్దరికీ కాఫీ ఇచ్చి, “నానేటి సెయ్యనండి? మంగళారం ఇడ్లీ నేకపోతే జనం ఎదురు హోటలుకి ఎల్పోతారు. ఓపాలి అక్కడ మరిగితే మరి రారండి” అన్నాడు. చెడ్డవాడు కాదు, తన భయం తనది.

“మంగళవారం ఇడ్లీ మానేయండి బాబాయ్‌గారూ” అన్నాడు సన్యాసిరావు. “ఉప్మా, పూరీ పెట్టండి. వాటికి పులవబెట్టే పని లేదు.”

“ఉప్మా ఎవరు తింటారు బాబూ?”

“మేం తింటాం” అన్నాను. సెలవు రోజున పని చేయించడం తప్పేనని, మళ్ళీ వినిపిస్తే నోటీసు ఇవ్వక తప్పదని చెప్పాను. నా శిక్షణ బ్యాచినంతా ఒక సోమవారం ఇక్కడికే తీసుకొస్తానని, మర్నాటి పొద్దున టిఫిను ఆయన దగ్గరేనని మాటిచ్చాను. ఆయన మీసం దువ్వుకుంటూ, సూద్దారండి అన్నాడు. ఆ మాట నమ్మాలో లేదో తెలియలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక సోమవారం శిక్షణకొచ్చిన పిల్లలందరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. తలుపులు మూసున్నాయి. సెలవు అమలవుతోందా అనడిగితే అవుతోందన్నారు ఒక్క గొంతుతో. పెరటి సందుకు తీసుకెళ్ళి నిలబెట్టి, ఇప్పుడు చెప్పండి అన్నాను. అందరూ చెవులు రిక్కించారు. ఏ చప్పుడూ లేదు. తలుపు సందులోంచి చూస్తే, రోలు బోర్లించిన బుట్ట కింద ఎండి ఉంది.

మర్నాడు మాకు ఉప్మా వడ్డించింది మరియమ్మే. మనవరాల్ని చూసొచ్చావా అన్నాను. “నన్ను సూసి ఒకటే ఏడుపమ్మా, కొత్త మనిసని. సందేల బస్సుకి లెగుద్దారంటే, నా ఒళ్ళోంచి దిగనేదు” అంది. చెబుతూ చెబుతూ నవ్వింది, తర్వాత కళ్ళొత్తుకుని, నాకు ఇంకో గరిటె ఉప్మా వేసింది. వద్దనలేదు.

ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, చాలామందికి పాఠాలు చెప్పాను. ఏ బ్యాచికైనా మొదటి రోజు పుస్తకం తెరవనిచ్చేదాన్ని కాదు, ఏదో ఒక హోటలు పెరటి సందులోనే పాఠం మొదలయ్యేది. చట్టం ఒక మనిషిని బస్సెక్కించి మనవరాలి దగ్గరికి పంపగలదని నేను చదివి తెలుసుకోలేదు. అక్కడ చూశాను.

వెళ్ళేవాళ్ళకు ఒకే సలహా. సెలవు మర్నాడు ఏ ఊళ్ళోనైనా హోటలువాళ్ళు ఇడ్లీ లేదంటే విసుక్కోకండి. పెట్టిన ఉప్మా తినేసి రండి.