కోడిగుడ్లకు పల్లినూనె పూసిన కోడలు

ఒక కోళ్ళ వంశాన్ని మొత్తానికి మొత్తం మట్టిల కలపబోయిన మనిషిని నేను. మొదలుపెట్టింది పిల్లే, కాదంటలేను. కానీ పిల్లి ఒక్క కోడినే పట్టుకపోయింది, మిగిలిన నష్టమంత నా చేతిది. మా ఇద్దరిల ఎమ్మెస్సీ జువాలజీ చదివింది పిల్లి కాదు, నేను.

అప్పటికి నాకు పెండ్లయి ఏడాది గూడ కాలే. అత్తగారిల్లు పెద్దమందడి. రోజు బస్సుల వనపర్తికి పోయి, ఒక డిగ్రీ కాలేజీల పిండం ఎట్ల పెరుగుతదో పాఠం చెప్పేదాన్ని. మా అత్తమ్మ మంచిదే గని మాటలు తక్కువ. నాతోని "తిన్నవా", "బస్సు దొరికిందా" తప్ప ఇంకో మాట లేదు. ఆమె మనసు విప్పి మాట్లాడేది నల్లకోడితోనే. వాళ్ళమ్మ పెంచిన కోళ్ళ సంతతి అది, కొల్లాపూర్ దిక్కున్న పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అమ్మ పోయింది, ఆ ఇల్లు గూడ అమ్మేసిండ్రు. పుట్టింటిదని చెప్పుకోనీకి ఆమెకు మిగిలింది గా కోడే.

ఎండకాలం ఒకనాడు పొద్దుగాల చూస్తె గంపల గుడ్లున్నయి, పొదిగే కోడి లేదు. వాకిట్ల ఈకలు. అత్తమ్మ గంప పక్కన కూలబడ్డది. ఏడుస్తలేదు, గుడ్ల మీద చెయ్యి పెట్టి ఉత్తగ కూసున్నది. నాకు పాణం ఉసూరుమన్నది.

"అత్తమ్మా, పరేషాన్ గాకు. గుడ్లు ఇంక వెచ్చగనే ఉన్నయి. పిల్లల్ని నేను లేపుత."

"నువ్వా? నువ్వెట్ల పొదుగుతవు?"

"నేను గాదు, బల్బు పొదుగుతది. నేను చదివిందే గది గద!"

ఆమె నా మొకం దిక్కు చూసింది. "జర పైలం బిడ్డా. మా అమ్మ గుర్తు గియ్యే నాకు."

నన్ను బిడ్డా అనుడు అదే మొదలు. ఇగ ఆగుతనా? థర్మాకోల్ డబ్బల బల్బు పెట్టిన, గిన్నెల నీళ్ళు పెట్టిన, గుడ్లను అటిటు తిప్పిన. తలుపులు మూసి ఒక గుడ్డు కింద టార్చి పెట్టి చూపిస్తే, ఎర్రటి నరాల నడుమ ఆవగింజంత గుండె కొట్టుకుంటున్నది. అత్తమ్మ ఇంకో గుడ్డు తీసి నా చేతిల పెట్టింది. నేను అక్కడితోని చేతులు ముడుసుకొని కూసుంటే ఈ కథే ఉండకపోవు.

ఆ వారమే క్లాసుల కణం చుట్టుండే పొర పాఠం. జర ఓపిక పట్టుండ్రి, ఇది చెప్పకుంటే నా తెలివి ఎంతదో మీకు తెల్వది. పెరిగే పిండంల కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటయి. నువ్వు రెక్క కావాలె, నువ్వు కాలివేలు కావాలె అని. ఆ కబుర్లు ఎక్కువగ అందేది పొర మీదనే, ఆ పొరలనేమో సగం కొవ్వే. కొవ్వంటే ఉత్త గోడ అనుకుంటం. కాదు. కబురు అందుకునే ప్రొటీన్లు ఏ జాగల గుమిగూడాల్నో కొవ్వు గూడ చూసుకుంటది. వేళ్ళను వరుసల పెట్టే ఒక కబురుకైతే కొలెస్ట్రాలే అతుక్కొని ఉంటది, అది తేడా వస్తే వేళ్ళ వరుసే తప్పుతది. దవాఖానల అందరు తిట్టే కొలెస్ట్రాల్! అది చదివిన కాడికెంచి నాకు కొవ్వంటే భక్తి కలిగింది.

ఇంటికొచ్చి చూస్తె గుడ్ల పెంకులు ఎండిపోయినట్ల కొట్టినయి. కోడిగుడ్డు మొదలు ఒక్కటే కణమని పుస్తకంల ఉండె. కణం పొరకు కొవ్వు ముఖ్యం. మరి గుడ్డుకు నూనె పూస్తే? మా పల్లీలు గానుగ పట్టించిన నూనె గిన్నె ముందల పెట్టుకొని కూసున్న.

మా ఆయన తొంగి చూసిండు. "ఏంది, గుడ్లకు తలంటుతున్నవా?"

"పొరకు బలమిస్తున్న."

"పెంకు పొర ఎట్లయితది?"

"నువ్వు బీకాం. గమ్మునుండు."

పిల్లలు బయటికొచ్చే రోజు వచ్చింది. అత్తమ్మ పొద్దుగాల నుంచి డబ్బ కాడనే ఉన్నది. ఒక గుడ్డు పగిలి తడితడిగ నల్లపిల్ల బయటపడ్డది. మిగిలినయి ఉలకలే, పలకలే. ఎదురుచూసి ఎదురుచూసి విప్పితే లోపల సగం పెరిగిన పిల్లలు, అన్ని చచ్చినయి. పెంకుకు సన్నటి రంధ్రాలుంటయి, లోపలి పిల్లకు గాలి వాటి నుంచే. నేను నూనెతోని వాటిని మూసేసిన. లోపల కణం పొరల ఉంటే కబురు మోసే కొవ్వును తెచ్చి పెంకు మీద పూసి ఊపిరి తీసిన. కాలేజీ పిల్లలకు ఏడాదేడాది చెప్పే పాఠం నాకే ఎక్కలే.

నేను నోరు తెరిచేలోపలే అత్తమ్మ ఆ ఒక్క పిల్లను కొంగుల పెట్టుకొని వాకిట్లకు పోయింది. "మా కోడలు నూనె పూసింది, అందుకే ఒకటన్న బతికింది!" ఆ గొంతుల అంత సంబురం నేనెప్పుడు వినలే. జరసేపటికే పక్కింటి సత్తెమ్మ గంపనిండ గుడ్లు, గిన్నెనిండ నూనె పట్టుకొని వచ్చింది. "మా వాటికి గూడ పుయ్యి తల్లీ."

చెప్పకుంటే నేను మంచిదాన్ని, సత్తెమ్మ గుడ్లల్ల కోడిపిల్లలు చస్తయి. చెప్తే నాకు బిడ్డా అన్న పిలుపు పోతది.

"వద్దత్తమ్మా! నూనె వల్ల బతకలే. నూనె అయిపోయి ఆ ఒక్కదానికి అందలే, గందుకే బతికింది. మిగిలినయి నా నూనెకే పోయినయి."

సత్తెమ్మ గంప చంకన పెట్టుకొని మెల్లగ జారుకున్నది. అత్తమ్మ కొంగుల పిల్లను చూసింది, నన్ను చూసింది.

"సరే బిడ్డా," అన్నది చివరికి. "గని ఒక్క మాట. రేపు నీకు కాన్పైనంక పసిపిల్లకు నూనె రాసి నీళ్ళు పోసేది నేను. నువ్వు ఆ నూనె గిన్నె దిక్కు చూసినవో, ఊకోను!"

అప్పటికి నాకు కడుపే లేదు. ఇప్పుడు నా బిడ్డ బడికి పోతున్నది, దాని తలకు నూనె పెట్టేది ఇప్పటికీ అత్తమ్మనే. అందుకే పిండశాస్త్రం సాక్షిగ ఒట్టు పెడుతున్న: పోపు పెట్టనీకి తప్ప ఈ జన్మల నూనె ముట్ట. గుడ్డు జోలికైతే అసలే పోను, ఆమ్లెట్ గూడ మా బీకాం ఆయనే వేస్తడు.