షీ, ఇట్, కొమురమ్మ

కొమురమ్మకు మోకాళ్లు పోయాయి. కోకాపేటలోని ఆ అద్దాల టవర్‌లో పొద్దున్నుంచీ మాప్ పట్టుకుని తిరిగితే ఎవరి మోకాళ్లైనా పోతాయి. కాకపోతే అక్కడ కుర్చీల్లో కూర్చునేవాళ్లకు ఆ సంగతి తెలియాల్సిన పని లేదు. ఆ సమయంలోనే హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. సూపర్‌వైజర్ అంటే వంగే పని ఉండదు. మేనేజర్ వంశీ పెట్టిన షరతు ఒక్కటే: నాలుగు ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడాలి. శుక్రవారం పరీక్ష.

రిసెప్షన్‌లో కూర్చునే శ్రీలత పాఠం చెప్పడానికి ఒప్పుకుంది. భోజనాల వేళ పాంట్రీలో, అన్నం డబ్బా ముందు పెట్టుకుని కొమురమ్మ చదువుకు కూర్చునేది. ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూతలు పడేవి. ‘హీ’ తేలిగ్గానే వచ్చింది. గొడవంతా ‘షీ’ దగ్గరే.

“అక్కా, మేడం ఏడుందని ఎవరన్న అడిగితే ఏమంటవ్?”

“ఇట్ ఈజ్ ఇన్ మీటింగ్.”

శ్రీలత నెత్తి కొట్టుకుంది. “మేడమేమన్న కుర్చీయా, ఇట్ అనడానికి?”

“ఏమో బిడ్డా. మన దిక్కు బస్సొచ్చింది అంటం, అత్తమ్మొచ్చింది అంటం. రెంటికి ఒక్కటే మాటాయె. గీళ్లకెందుకు గింత పరేషాన్?”

“ఆడమనిషైతే షీ. వస్తువైతే ఇట్. గంతే. మనిషిని ఇట్ అంటే మర్యాద తప్పినట్టే.”

అప్పటి నుంచి కొమురమ్మ తుడుస్తూ తుడుస్తూ వల్లె వేసింది. బకెట్ ఇట్. లిఫ్ట్ ఇట్. మేడం షీ. ఖాజాగూడలో కిరాయి కోసం పోరుపెట్టే ఇంటామె కూడా, ఏం చేస్తాం, షీ. తనను కూడా షీ అనే అంటారని తట్టినప్పుడు, ఒళ్లు హూనమై ఉన్నా, ఆమెకు కాస్త నవ్వొచ్చింది.

గురువారం కాఫీ కప్పులు తీయడానికి మీటింగ్ రూమ్ తలుపు తట్టింది. “హూ ఈజ్ ఇట్?” అని లోపల్నుంచి ఎవరో అడిగారు. తలుపు దగ్గరున్న కుర్రవాడు అద్దంలోంచి చూసి, వెనక్కి తిరిగి చెప్పాడు: “ఇట్స్ జస్ట్ హౌస్‌కీపింగ్.”

అంతకుముందు వారమైతే ఆ మాట చెవి పక్కనుంచి పోయేది. ఇప్పుడు అర్థమై చచ్చింది. ఆమె కప్పులు ట్రేలో సర్దుకుని బయటికొచ్చి, సింకు దగ్గర ఒక్కో కప్పునూ రెండేసి సార్లు కడిగింది.

“తప్పుగ అనలేదక్కా,” అంది శ్రీలత, విషయం విని. “తలుపు తడితే గట్లనే అంటరు. నువ్వైనా నేనైనా, పెద్ద సార్ అయినా సరే. రేపు వంశీ సార్ కూడ గదే అడుగుతడు. ‘ఇట్స్ మీ, కొమురమ్మ’ అను.”

“నేను ఇట్ ఎట్లయిత?”

“రూలక్కా. జర ఏమనుకోకుండ అనెయ్యి.”

ఇంటికి పోయాక కూడా అనుకుంటూనే ఉంది. ఇట్స్ మీ. నోరు బాగానే తిరిగింది. రూలయితే రూలే, తనకెందుకు ఫికర్ అని సర్దిచెప్పుకుంది.

శుక్రవారం వంశీ గది తలుపు తట్టింది.

“హూ ఈజ్ ఇట్?”

కొమురమ్మ నోరు తెరిచింది. ట్రే, కప్పులు, ఆ కుర్రవాడి వీపు కళ్ల ముందుకొచ్చాయి. మోకాళ్లు సలుపుతున్నాయి.

“షీ ఈజ్ కొమురమ్మ,” అంది.

లోపల ఇద్దరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, అయినా నవ్వే. వంశీ తలుపు తీసి, “ఆ ఒక్క ముక్క సరిగ్గా అనుంటే అయిపోయేది కదమ్మా,” అన్నాడు. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. పోస్టు మాత్రం పక్క టవర్ నుంచి వచ్చిన మనిషికి వెళ్లింది.

“నోరు తిరగలేదా అక్కా?” అని శ్రీలత రిసెప్షన్‌లోంచి లేచి వచ్చి అడిగింది.

“తిరిగింది బిడ్డా. మనసొప్పలే.”

కొమురమ్మ మాప్ బకెట్‌లో ముంచి, వంగి పిండింది.