వదిన మెచ్చుకున్న రంగు

సేవ్ నొక్కిన ప్రతిసారీ చిట్టి రెండు చేతులూ కీబోర్డు మీంచి పైకెత్తేస్తుంది, పొంగబోయే పాలగిన్నె ముందు నిలబడ్డట్టు. తెరమీద పేజీ దానంతటదే మారాక గానీ దించదు. వెబ్ పేజీలు తయారుచేయడం ఆమె వృత్తి. ఆమె కంప్యూటర్లోనే ఒక చిన్న సర్వర్ నడుస్తూ ఉంటుంది. రాసింది రాసినట్టు వెంటనే చూపించడం దాని పని. లోకానికి కనిపించేది ఆ తర్వాతే.

ఆ మధ్యాహ్నం పక్కన వదిన కూర్చుంది. ఆవిడది కోట్లు కుట్టే దుకాణం. దానికి పేజీ చిట్టి చేయాలా, బయటి కంపెనీకి ఇవ్వాలా అన్నది సాయంత్రంలోగా తేల్చేస్తానంది. దొరికితే చిట్టికి సొంతంగా అదే మొదటి పని.

"ఆకుపచ్చ కొంచెం తగ్గించనా వదినా?"

"తగ్గించు."

చిట్టి రంగు మార్చింది. సేవ్ నొక్కింది. చేతులెత్తి, ఈసారి తెరకు బదులు వదిన ముఖం చూసింది.

"ఇప్పుడు?"

"ఆఁ, ఇప్పుడు నయం."

ఇంకాస్త తగ్గించింది.

"అబ్బ, ఇప్పుడు కళ వచ్చింది!"

చిట్టి కళ్లు చిట్లించి చూసింది. ఎక్కడ తగ్గింది? అనుమానం తీరక, ఈసారి చెప్పకుండా నిగనిగలాడే ఎరుపు పెట్టింది. పేజీ ఆకుపచ్చగానే ఉంది.

"భలే ఉంది," అంది వదిన.

అప్పుడు వెలిగింది చిట్టికి. నిన్న పని ఫోల్డర్‌కు ఒక నకలు తీసింది. సర్వర్ చూపిస్తున్నది ఆ నకలును. తను దిద్దుతున్నది అసలుదాన్ని. ఇంతసేపూ తెరమీద ఒక్క చుక్క కదల్లేదు.

"వదినా, ఏమీ మారలేదు. దేన్ని చూసి మెచ్చుకున్నావు?"

వదిన ముఖం కందిపోయింది. "నువ్వలా చేతులెత్తి నావంక చూస్తుంటే బాలేదని ఎలా అంటానే? నోరు రాలేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"నీ పనివాళ్లు భుజం వంకరగా కుడితే ఇలాగే మెచ్చుకుంటావా?"

"తోలు తీస్తాను."

"మరి నాదో?"

వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. "అయితే విను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆ ఫొటోలో కోటు ఇస్త్రీ ముఖం చూడనట్టుంది. ఫోన్ నంబరు ఎక్కడ దాచావో దేవుడికే తెలియాలి."

"ఇంకా?"

"చాలా ఉన్నాయి. కంపెనీవాళ్లు ఇంతసేపు తిట్టనిస్తారా? నువ్వే చెయ్యి."

మర్నాడు పొద్దున్నే చిట్టి నకలును తీసిపారేసింది. సర్వర్‌ను అసలు ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి, ముందుగా ఫోన్ నంబరును తెచ్చి పేజీ నెత్తిన కూర్చోబెట్టింది.