ఎవరూ ఉండకూడని ఇంటికి పన్ను

గుణదల కొండవాలులో మాకు రెండు గదుల ఇల్లు ఉండేది. వానలు విపరీతంగా పడిన ఏడాది పైనుంచి బండరాయి జారి వంటింటి గోడ పగిలిపోయింది. అప్పుడు అందరం ముందు గదిలో ఉన్నాం కాబట్టి బతికిపోయాం. మర్నాడు కార్పొరేషన్ వాళ్లు వచ్చి, ఈ ఇంట్లో ఎవరూ ఉండకూడదని తలుపుకి నోటీసు అంటించారు. నేనూ, మా ఆయనా, మా అత్తగారూ కొండ దిగువన ఒక అద్దింట్లో చేరాం.

అయినా ఇంటి పన్ను మాత్రం మామూలుగానే వచ్చింది. వార్డు సచివాలయానికి వెళ్లి అడిగితే, అక్కడి అమ్మాయి "ఖాళీగా ఉందని అర్జీ పెట్టుకోండి మేడమ్. ఇన్‌స్పెక్టర్ గారు చూసి తగ్గిస్తారు" అంది. పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున తాళంచెవి ఎంత వెతికినా కనిపించలేదు. సరే, బయటి నుంచైనా చూపిద్దామని ఆయన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కాను. తలుపు బార్లా తీసి ఉంది. లోపల మా అత్తగారు చాప మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. పక్కన చిన్న గ్యాస్ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. బజారుకని రోజూ ఆవిడ వెళ్తున్నది ఇక్కడికన్నమాట!

"ఖాళీ అన్నారు కదండీ?" అన్నాడాయన నావైపు తిరిగి.

నేనేదో సర్దిచెప్పబోయేలోగా ఆవిడే అందుకున్నారు. "అబద్ధం దేనికి బాబూ, నేను రోజూ వస్తా. మా ఇంటాయన పోయింది ఈ గదిలోనే. మధ్యాహ్నం నమాజు ఇక్కడే చదువుకుని, ఇంత వండుకు తిని పోతా. పడుకోనులే."

ఇన్‌స్పెక్టర్ వెనక వంటింట్లోకి వెళ్లి, పగిలిన గోడలోంచి కొండను చూసొచ్చాడు.

"పన్ను సంగతి అలా ఉంచండి మామ్మగారూ. పైన ఇంకో రాయి ఉంది. అది దొర్లితే మీకు లేచే టైమ్ కూడా ఉండదండీ. లేరని రాస్తాను, కానీ మీరిక రాకూడదు. ఏం రాయమంటారు?"

ఆవిడ పొయ్యి కట్టేశారు.

"లేరనే రాయండి."

పప్పుగిన్నె నేను పట్టుకున్నాను, చాప ఆవిడ చుట్టుకున్నారు.

పన్ను సగానికి తగ్గింది. మొత్తం పోవాలంటే ఇల్లు పడగొట్టించాలన్నారు. ఆ మాట వాళ్లమ్మతో చెప్పే ధైర్యం మా ఆయనకి లేదు, నాకూ లేదు. ఎలా తెలిసిందో, ఒకనాడు అన్నం తింటూ ఆవిడే అన్నారు: "పడగొట్టేముందు కిటికీలు ఊడదీయించండి. మంచి టేకువి."

మర్నాడే మేస్త్రీని పిలిచాం.